నడి ఏట్ల ఆగే ఇంజిను

రేవు ఒడ్డు, బీచుపల్లి కాడ,
గద్వాల జిల్లా.
ఆషాఢం ఆఖరు

కుర్మయ్య బావకు, నీ చెల్లె జములమ్మ మొగడు కిష్టయ్య రాసేది.

ఫోన్లున్న కాలంల జాబు ఎందుకొచ్చిందని పరేషాన్ కాకు. ఎవ్వరు సావలే. ఇన్నేండ్లు బోరు మోటర్లు, డీజిల్ ఇంజిన్ల పక్కన కూసొని నీ చెవులు పోయినయి గద. మొన్న నీకు ఫోన్ జేసి, నీకు ఇనబడాలని నేను ఒర్లిన ఒర్లుడుకు నీకు తప్ప ఏటి ఒడ్డున అందరికి సమజైంది. గొర్లు కాసేటాయన అవతలి ఒడ్డున నిలబడి "ప్లగ్గు సూడు" అన్నడు. గుండ్రటి పుట్టి పడవ నడిపే మహిపాల్ అయితె తెడ్డు ఆపి మొత్తం ఇని పోయిండు. ఇంటి గుట్టు ఇంట్ల ఉండాలంటె జాబె నయం.

సంగతి ఇది. సోమశిల దిక్కు చేపలోళ్ళ దగ్గర పాత పడవ ఇంజిను కొన్న గద, నీ చెల్లె బర్రెను అమ్మి ఇచ్చిన పైసలతోటి. టూ స్ట్రోకుది, ఒకదాని మీద ఒకటి రెండు సిలిండర్లు. పెట్రోల్ల ఆయిలు కలిపి పొయ్యాలె. పడవ ఎనుక తగిలిచ్చి తాడు గుంజితె ఒక్క గుంజుడుకె లేస్తది. లేసుడుల దాని తప్పు లేదు. సగం ఏరు దాటంగనె కుక్కరు లెక్క కాగుతది, తెల్లపొగ ఇడుస్తది, ఆగుతది. నడి ఏట్లనె ఆగుతది బావ, ఒడ్డు కాడ ఎన్నడు ఆగది. సల్లారినంక మల్ల లేస్తది, ఏం తెల్వనట్లు.

అవతలి ఒడ్డున విత్తనాలకు పండిచ్చే సీడు పత్తి ఉంది. ఆడోళ్ళు పొద్దుగాల పోయి మొగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రుద్దాలె. పొద్దెక్కితె ఆ పువ్వు దేనికి పనికి రాదు. ఆ గుంపుకు రాములమ్మ మేస్త్రి. ఆమె దేంట్ల ఎక్కితె అందరు దాంట్లనె ఎక్కుతరు. నా పడవెక్కితె నేను ఊర్లె ఉంట. మహిపాల్ పుట్టి ఎక్కితె మల్ల పట్నం పోయి అపార్టుమెంటు గేటు కాడ కుర్సీల కూసోవాలె. ఆ కుర్సీల మస్తు ఏండ్లు కూసున్న. వచ్చేటోనికి లేసి గేటు తీసుడు, పోయేటోనికి లేసి గేటు తీసుడు. అందరు యాడికో పోతుండిరి. నేను గేటు దాంక పోతుంటి.

మొన్న ఆగినప్పుడు రాములమ్మ తిట్టలే. ఆకు వక్క నోట్లె పెట్టుకొని, "కిష్టన్నా, పువ్వు నీ ఇంజిను కోసం ఆగదు" అన్నది. తిడితె నాకు భయం లేదు బావ. మెల్లగ చెప్పితె భయం.

నువ్వె ఏదన్న చెప్పాలె.

కిష్టయ్య

---

బిజినేపల్లి,
నాగర్‌కర్నూల్ జిల్లా.
శ్రావణం

బావ కిష్టయ్యకు కుర్మయ్య వ్రాయునది.

నేనూ, డాక్టరు కోసి కుట్టిన నా మోకాలూ ఇక్కడ ఒకరినొకరు ఓర్చుకుంటూ బాగానే ఉన్నాం. బస్సు ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, నాకు కూడా వినబడింది. కనుక నేను అక్కడికి రాలేను. ఇంజిను ఇక్కడికి రాలేదు. జాబే అటూ ఇటూ తిరగాలి.

పడవ ఇంజినును నేను ఎన్నడూ ముట్టలేదు. అయితే ఇంజిను ఏదైనా అందులో పెట్రోలు, నిప్పు, నీళ్లు ఉంటాయి. ఎవరింట్లో వారుంటే కాపురం సాగుతుంది. ఒకరింటికి ఒకరు చెప్పకుండా పోతేనే గొడవ. నీ ఇంజినులో నీళ్లు నిప్పు ఇంటికి పోతున్నాయని నా అనుమానం. కానీ అనుమానం మీద ఎవరి మూతా విప్పరాదు.

ఈసారి ఆగిన వెంటనే రెండు ప్లగ్గులూ విప్పు. పైది ఏదో కిందిది ఏదో కలిపేయకు. వాటి రంగు నాకు రాయి. "నల్లగా ఉంది" అని రాసి ఊరుకోకు, ఎటువంటి నలుపో రాయి. నాకు ఇంజిను చప్పుడు వినబడదు కనుక నీ అక్షరాలే నాకు చెవులు.

ఇంకొకటి. ఇంజిను ఏట్లోంచి నీళ్లు పీల్చి, ఒంట్లో తిప్పుకుని చల్లబడి, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. ఆ ధార లావా, సన్నమా? వెచ్చనా, చల్లనా? చూసి చెప్పు.

కాగిన ఇంజినును కొట్టవద్దు, తిట్టవద్దు. నువ్వు రెండూ చేసి ఉంటావు.

చెల్లిని అడిగానని చెప్పు.

కుర్మయ్య

---

రేవు ఒడ్డు, బీచుపల్లి కాడ.
శ్రావణం, వాన పడుతున్న దినం

బావా,

నీ జాబు చదివితె తాసిల్దారు నోటీసు లెక్క ఉంది. "వ్రాయునది" అని చూసి నీ చెల్లె భూమి తగాద అనుకొని భయపడ్డది. ఇస్కూల్ల జాబు రాసుడు నేర్పిన సారు ఇంక నీ చెయ్యి ఇడ్సలేడా?

ఇంజిన్ను కొట్టలే. తిట్టిన.

పై ప్లగ్గు రాస్తున్న. తంబాకు నమిలే ముసలాయన పండ్ల రంగు. జర జిడ్డు. కింది ప్లగ్గు అట్ల లేదు. పెండ్లికి పోయేటోని లెక్క తానం జేసి ఉంది. తెల్లగ మెరుస్తుంది, కొసకు ఒక బొట్టు యాలాడుతుంది. అది పెట్రోలా నీళ్ళా అని నాకి సూసిన. నీళ్ళె. నాకుమని నువ్వు చెప్పలే, నా అంతట నేనె నాకిన.

ధార సంగతి అడిగినవు. యాభై దాటిన మన అసొంటోళ్ళ ధార లెక్కనె ఉంది. వస్తదా రాదా అని నిలబడి సూడాలె. వచ్చినయి గూడ చెయ్యి కాలేటట్లున్నయి.

ఇవన్ని సూసేటందుకు ఇంజిను ఆగాలె గద. నేను కోరుకోకుంటనె ఆగింది, రాములమ్మోళ్ళు నిండ ఉన్నప్పుడె. ఆడోళ్ళు చెప్పులు ఇడిసి చెప్పులతోటె తెడ్డేసుకుంట పడవను ఒడ్డుకు తెచ్చిన్రు. మహిపాల్ పక్కకెళ్ళి పుట్టిల పోతు, "అన్నా, నా కాడ ఒక తెడ్డు ఎక్కువుంది, ఇయ్యాల్నా?" అని అడిగిండు. వాడు మంచిగనె అడిగిండు. గదే నాకు మండింది.

నీ చెల్లె బర్రెను కట్టేసిన గుంజ కాడ ఊకె నిలబడుతది. శనివారం శనివారం బీచుపల్లి స్వామి కాడికి పోయి వస్తుంది. ఇంజిను ఆగినప్పుడల్ల పూజ జర పెంచుతుంది.

జల్ది రాయి.

కిష్టయ్య

---

బిజినేపల్లి.
శ్రావణం ఆఖరు

బావా,

కింది ప్లగ్గు సంగతి చదివి నేను సంతోషంతో లేచి నిలబడ్డాను. మోకాలు ఒప్పుకోలేదు. మళ్లీ కూర్చుని రాస్తున్నాను.

నీ కింది సిలిండరులోకి నీళ్లు పోతున్నాయి. నిప్పు మండే చోట నీళ్లు పడితే ఆవిరై, ప్లగ్గు మీది మసినంతా కడిగేస్తాయి. అందుకే అది పెండ్లికొడుకులా ఉంది. పైదానికి ఏ రోగమూ లేదు. సిలిండరుకూ దాని మూతకూ నడుమ రొట్టె కన్నా పలుచని పొర ఒకటి ఉంటుంది, గ్యాస్కెట్ అంటారు. అది కాలి ఉంటుంది. కాలిన సందులోంచి పక్క దారిలో పోయే చల్లబరిచే నీళ్లు లోపలికి దూరుతున్నాయి.

అయితే నీళ్లు దూరడం రోగం కాదు, రోగం వల్ల వచ్చిన వాపు. అసలు రోగం వేడి. ధార సన్నగా ఉందంటే ఇంజినుకు తాగే నీళ్లు చాలడం లేదు. నీళ్లను పైకి తోసే రబ్బరు చక్రం కింది భాగంలో ఉంటుంది, అది అరిగి ఉండవచ్చు.

మూత విప్పి, అద్దం మీద బోర్లించి పెట్టు. కింద పలుచని కాగితం ఏ మూలనైనా దూరితే మూత వంగినట్టు. సాన పట్టించి, పొర కొత్తది వెయ్యి. చక్రం మార్చు. నీళ్లు పోయిన సిలిండరులో కొంచెం ఆయిలు పోసి, ప్లగ్గు లేకుండా తాడును మెల్లగా లాగు. లేకపోతే లోపల తుప్పు పట్టి, అప్పుడు నాకు కాదు, పాత ఇనుము కొనేవాడికి జాబు రాయాల్సి వస్తుంది.

ఇక ఏదీ నాకి చూడకు.

కుర్మయ్య

---

రేవు ఒడ్డు, బీచుపల్లి కాడ.
భాద్రపదం, మంగళారం

కుర్మయ్య బావకు,

నువ్వు చెప్పినయి అన్ని చేసిన. ఇంట్ల పెద్ద అద్దమంటె నీ చెల్లె బీరువదె. దాన్నె పీకి మంచం మీద పరిచి మూత బోర్లిచ్చిన. ఆమె కొప్పేసుకుందమని వచ్చి, అద్దంల తన మొకం బదులు ఇంజిను మొకం సూసి ఎనుకకు పోయింది. కాయితం ఒక మూలకు దూరింది. పొర గూడ ఆడనె కాలి ఉంది. ఏట్ల కాలు పెట్టకుంటనె చెప్పినవు, ఒప్పుకుంట.

మూత సాన పట్టిచ్చిన. వనపర్తిల ట్రాక్టర్ల పొరలు కోసేటాయన కొత్త పొర కోసి ఇచ్చిండు. కాకినాడ కెళ్ళి రబ్బరు చక్రం పార్సిల్ల వచ్చింది. పాత చక్రం గూడ మంచిగనె ఉండె, అయినా మార్చిన. కింది భాగం మొత్తం ఇప్పి గాసునూనె పోసి, ఎర్రమట్టి జిడ్డు పోయేదాంక పండ్ల బ్రష్షుతోటి తోమి తోమి కడిగిన. డ్రమ్ముల నీళ్ళు పోసి నడిపితె ధార పోయి ఎదురింటి గోడకు తగిలింది. శుక్రారం రాములమ్మోళ్ళను దాటిచ్చి మల్ల తెచ్చిన, ఎక్కడ ఆగలే. ఆమె దిగి, ఎనుకకు మళ్ళి ఇంజిన్ను సూసి, "మనిషైంది" అన్నది.

నిన్న సోమారం మల్ల ఆగింది. నడి ఏట్లనె. ధార సుక్క లేదు. ఇప్పి సూస్తె కింది ప్లగ్గు మల్ల తానం జేసి కూసుంది.

ఇగ కోపంల రాస్తున్న, ఏమన్న అనుకో. నువ్వు బోరు మోటర్ల మెకానిక్కువి. బోరు మోటరు నీళ్ళు పైకి తెస్తె సాలు, దానికి యాడికి పోయేది లేదు. పడవ ఇంజిను మనుషులను మోసుకొని పోవాలె. ఆ ఫరక్ నీకు తెల్వదు. నేను నిన్ను నమ్మి చెడిన.

రాములమ్మ ఇట్లంది: "వచ్చే సోమారం ఒక్క దినం సూస్తం కిష్టన్నా. ఆగిందా, ఇగ పుట్టినె." అపార్టుమెంటు సెక్రటరి గూడ ఫోన్ జేసిండు. కొత్త వాచుమెన్ లిఫ్టుల పండుకున్నడని తీసేసిన్రట. "నీ కుర్సీ గట్లనె ఉంది కిష్టయ్యా" అన్నడు. కుర్సీ మంచిగ ఉందని ఇని నాకు ఏం సంతోషం కాలే.

కిష్టయ్య

అన్నా, నేను జములమ్మను. ఆయన చాయ తాగనీకె పోయిండు, కింద జాగ ఉందని రాస్తున్న. ఆయన మాటలు మనసుల పెట్టుకోకు. తప్పు నాదేనేమో, నా పూజ సాల్తలేదు. ఇంజిను నీళ్ళల్ల మునిగే కాడ రెండు పక్కల సన్న సన్న గీతల జాలి ఉంటది, అచ్చం స్వామి మీసాల లెక్క. కొన్నప్పటి సంది బీచుపల్లి సిందూరం నూనెల కలిపి ఆడనె పెడుతున్న. ఆగినప్పుడల్ల ఇంక జర మందం పెడుతున్న. మొన్న ఈయన గాసునూనె పోసి మొత్తం కడిగేసిండు, నాకు పానం ఉసూరుమంది. అందుకె శనివారం సిందూరంల మైనం కరగబెట్టి కలిపి, నీళ్ళకు పోకుంట గట్టిగ రుద్దిన. అయినా సోమారం ఆగింది. ఇగ మంగళారం గూడ పెట్టాల్నా అన్నా?

---

బిజినేపల్లి.
గురువారం పొద్దున

బావా,

ఈ జాబు జములమ్మకు సూపియ్యకు. ముందుగాల అది యాది పెట్టుకో.

నీ జాబు రెండు దినాలకె అందుడు అదృష్టం, నేను పోస్టుల ఏస్తె సోమారం దాటుతదేమో. వనపర్తి పోయే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్న, ఆయన మీ దిక్కు పోయే కండక్టరుకు ఇస్తడు.

ఆ మీసాలు మీసాలు కావు. ఇంజిను నోరు అది. ఆ జాలి లోపలికెళ్ళె అది నీళ్ళు గుంజుకుంటది. నీ పెండ్లాము దాని నోట్లె సిందూరం పెట్టింది. మైనం కలిపి పెట్టింది. నీళ్ళు తాగలేక కాగి, పొర కాలి, కింది సిలిండర్ల నీళ్ళు దూరినయి. ఆగిందని ఇంక మందం పెట్టింది. మందం పెట్టిందని ఇంక జల్ది ఆగింది. నువ్వు గాసునూనెతోటి కడిగిన దినం మంచిగ నడిచిందంటె నేను చక్రం గొప్ప అనుకున్న. చక్రంల ఏం లేదు. ఇన్ని దినాలు నేను నిన్ను ప్లగ్గు రంగు అడిగిన గని, సిందూరం రంగు అడగలే.

పిన్నీసు తీసుకొని జాలి సందు సందు గీకు. పొర మల్ల మార్చు. ఆయిలు పోసుడు మరువకు.

ఇగ ఆమెకు ఎట్ల చెప్పాల్నో నాకు సమజ్ అయితలేదు. బర్రెను అమ్మిన మనిషి. ఇంజిను నడవాలని నీ కన్న నా కన్న ఆమెనె ఎక్కువ మొక్కింది. నీ వల్లనె ఆగిందని ఆమె మొకం సూసి చెప్పుడు నాతోటి కాదు. నువ్వు గూడ చెప్పకు. కంపెనీ రూలు అని చెప్పు. సిందూరం నెత్తి మీదనె పెట్టాలె, కింద పెట్టరాదు అని కాకినాడ కెళ్ళి కాయితం వచ్చింది అని చెప్పు. నమ్ముతది.

నువ్వు బోరు మోటర్లని రాసినవు. అది నేను మనసుల పెట్టుకోలే. పెట్టుకున్న గని తీసేసిన.

కుర్మయ్య

---

రేవు ఒడ్డు, బీచుపల్లి కాడ.
సోమారం పొద్దుమూకి

కుర్మయ్య బావకు,

మొదలు బోరు మోటర్ల మాటకు నిన్ను క్షమించమని అడుగుత, తర్వాత నీకు ధైర్నం చెప్పుత. రెండు అవసరమె.

బస్సు వచ్చినప్పుడు నేను ఊర్లె లేను. కండక్టరు చేతికెళ్ళి జాబు నీ చెల్లెనె తీసుకుంది. "సూపియ్యకు" అన్న కాడ ఆపుతదనుకున్నవా? ఆడికెళ్ళె కండ్లద్దాలు పెట్టుకొని చదివిందట.

నేను వచ్చేసరికి ఇంజిను కాడ మోకాళ్ళ లోతు నీళ్ళల్ల కూసొని పిన్నీసుతోటి జాలి గీకుతుంది. జాబు పడవ అంచుకు, మీద రాయి పెట్టి ఉంది. నేను జాబు తీసి చదివిన. మైనం ముక్కలు ఎర్రగ ఊడి ఏట్ల పోతున్నయి, ఒక్కొక్క ముక్కకు ఆమె దండం పెట్టుకుంటుంది. తల ఎత్తకుంటనె అన్నది:

"మా అన్న నువ్వు కలిసి దీని తలకాయ ఇప్పి నా అద్దం మీద పెట్టి సూసిన్రు. నాలుకతోటి గూడ సూసినవు. కాళ్ళ కాడ ఏముందని ఒక్కరన్న వంగిన్రా?"

"లేదు" అన్న.

"నేను వంగిన. తప్పు జేస్తె జేసిన గని, వంగి జేసిన."

నేను లుంగి ఎత్తి కట్టుకొని నీళ్ళల్ల దిగి, పడవ కదలకుంట పట్టుకున్న. ఆమె మాటకు నీ కాడ జవాబు ఉంటె రాయి, సదివి ఇనిపిస్త. కంపెనీ రూలు గురించి ఆమె నీకు ఒక మాట చెప్పమన్నది. అది జాబుల రాసేది కాదు.

పొర మల్ల కోపిచ్చుకొచ్చిన. వనపర్తాయన, "మీ ఇంట్ల రొట్టెలు గూడ ఇట్లనె మాడుతయా?" అని అడిగిండు. ఇప్పుడు ఇంజిను పై టోపీకి స్వామి సిందూరం పెట్టింది నీ చెల్లె. చిన్న బొట్టె, గని నిండుగ ఉంది. పొద్దున పూజ అంటె ముందుగాల జాలి కడుగుడు, తర్వాతనె బొట్టు. నన్ను దాని దరిదాపులకు రానిస్తలేదు.

ఇగ ఇయ్యాల్టి సంగతి.

పొద్దుగాల రాములమ్మోళ్ళు వచ్చి ఎక్కిన్రు. మహిపాల్ పుట్టిని మా పక్కకె తెచ్చి పెట్టుకున్నడు, ఆగితె ఎక్కిచ్చుకుందమని. నీ చెల్లె గూడ ఎక్కి ఇంజిను కాడ కూసుంది. ఇన్ని దినాలల్ల ఆమె ఎక్కుడు ఇదే మొదలు. తాడు గుంజిన. లేసింది. పోయినం. అందరు ఇంజిను దిక్కె, సావుబతుకుల మీదున్న సుట్టాన్ని సూసినట్లు సూస్తున్నరు. నేనైతె ఏరు దిక్కు సూస్తలేను, పట్నంల ఆ కుర్సీ కండ్ల ముందల కనబడుతుంది. నీ చెల్లె ధార కింద చెయ్యి పెట్టి, "గోరెచ్చగ ఉంది" అన్నది. సగం దాటినం. పత్తి చెట్లు కనబడుతున్నయి. మహిపాల్ ఎనుకబడి ఇంతంత అయిండు.

అప్పుడు రాములమ్మ, "కిష్టన్నా, జర ఆపు" అన్నది.

నా గుండె ఆగింది. ఇంజిను ఆగలే.

"ఏమైందక్కా?" అన్న.

"ఏం కాలే. ఇన్ని దినాలు నడి ఏట్ల ఆగినప్పుడె మేము సద్ది తింటుంటిమి. చేన్ల దిగినంక చేను గల్ల సేటు కూసోనియ్యడు, పువ్వు పువ్వు అని ఎంటబడుతడు. నీ ఇంజిను గింత జోరుగ పోతె మేము ఎప్పుడు తినాలె? ఇంక ఎండ రాలే, పువ్వుకు టైముంది. ఆపు. రేపటి సంది గూడ ఈడనె ఆపు."

"రేపు గూడ నా పడవెనా?"

"మరి? పుట్టిల సద్ది ఇప్పితె అది గుండ్రంగ తిరుగుతది. ముద్ద నోటికి పోదు, చెవికి పోతది."

నేను నీ చెల్లె దిక్కు సూసిన. ఆమె నా దిక్కు సూడలే, జాలి దిక్కె సూస్తుంది, గని నవ్వుతుంది.

సెక్రటరికి ఫోన్ జేసి ఆ కుర్సీ ఎవ్వరికన్న ఇయ్యమని చెప్పిన. ఆయన, "ఏమైనా ఉద్యోగం దొరికిందా?" అన్నడు. "నడి ఏట్ల హోటలు పెట్టిన" అన్న.

అది తర్వాత. అప్పుడైతె, ఆగొద్దని ఇద్దరం మెకానిక్కులం, ఒక దేవుడు, నీ చెల్లె ఇన్ని నెల్లు తండ్లాడిన ఇంజిన్ను, నా చేత్తోని నేనె బందు జేసిన. రాములమ్మ సద్ది ఇప్పి, సగం జొన్నరొట్టె, పచ్చికారం నీ చెల్లె చేతుల పెట్టింది. దాంట్ల సగం నాకొచ్చింది.

కిష్టయ్య